రెండు డబ్బాలు, ఒక ట్రంకు పెట్టె: మా మాజీ సైనికుల సంఘం కేస్ స్టడీ

2021 డిసెంబర్ 16. బంగ్లాదేశ్ యుద్ధం గెలిచి సరిగ్గా యాభై ఏళ్లయిన రోజు. దేశమంతా స్వర్ణోత్సవాలు జరుగుతున్నాయి, మనమూ చేయాలని మా సంఘం అనుకుంది. మాది గిద్దలూరు ప్రాంతం. కంభం, కొమరోలు, రాచర్ల వైపు ఏ ఊరికి వెళ్లినా మిలిటరీ ఇల్లు ఒకటైనా ఉంటుంది. మా సంఘంలో అప్పటికి 43 మంది సభ్యులం. నేను ఆర్మీలో 22 ఏళ్లు క్లర్కుగా చేసి హవల్దారుగా దిగాను. చదవడం రాయడం నా పని కాబట్టి కార్యదర్శి బాధ్యత నా మీద పెట్టారు.

ఫంక్షన్ హాలు తీసుకున్నాం. ఐదు కుటుంబాలకు సన్మానం. పది గంటలకని కార్డుల మీద వేశాం. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. అంతసేపూ ఐదుగురు ఆడవాళ్లు, అందరూ అరవై ఐదు దాటినవాళ్లే, స్టేజీ మీద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. అందులో ఒక అవ్వకు షుగర్ ఉంది. ఆమె పొద్దున్నే మాత్ర వేసుకుని వచ్చిందని మాలో ఎవరికీ తెలియదు, ఎవరమూ అడగలేదు. యాంకర్ ఆమె వంతు వచ్చినప్పుడు మైకులో "కార్గిల్ వీరుడి సతీమణి, వీరనారి" అని పిలిచాడు. శాలువా కప్పారు. తలుపంత అట్టముక్క మీద 5,000 రూపాయల చెక్కు ప్రింటు వేయించి ఆమె చేతికిచ్చి ఫొటో తీశారు. సాయంత్రానికి ఆ ఫొటో మండలంలో ఉన్న అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది.

మరుసటి రోజు ఉదయం అప్పులాయన ఆమె ఇంటి గుమ్మంలో ఉన్నాడు. సంఘం ఐదు వేలిచ్చిందంట కదా, వడ్డీ అయినా కట్టమన్నాడు. ఈ సంగతి నాకు పది రోజుల తర్వాత తెలిసింది. ఈ కేస్ స్టడీ రాయడానికి అసలు కారణం ఆ ఒక్క సంగతి. మాలాంటి సంఘాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. అందరికీ మనసు మంచిదే. మేం చేసిన తప్పు ఇంకో సంఘం చేయకుండా ఉంటే చాలని లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు డబ్బు లెక్క

ఆ ఏడాది విరాళాలు 1,38,500 రూపాయలు వచ్చాయి. హాలుకు, షామియానాకు 22,000. భోజనాలకు 31,500. ఫ్లెక్సీలకు 8,400. శాలువాలు, మెమెంటోలు, దండలకు 19,600. మైకు, ఫొటో, వీడియోకు 11,000. మొత్తం 92,500. మిగిలిన 46,000లో ఐదు కుటుంబాలకు పాతిక వేలు ఇచ్చాం. 21,000 బ్యాంకులో మిగిలింది.

అంటే దాత వంద రూపాయలిస్తే అందులో 67 రూపాయలు మీటింగుకే పోయాయి. ఎవరూ ఒక్క రూపాయి తినలేదు. ప్రతి బిల్లూ ఉంది, జనరల్ బాడీలో లెక్క చదివితే చప్పట్లు కూడా కొట్టారు. అయినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. యూనిట్‌లో ఉన్నప్పుడు రేషన్ లెక్కలో కిలో పప్పు తేడా వస్తే సుబేదార్ సాబ్ ముందు నిలబడి సమాధానం చెప్పేవాణ్ణి. ఇక్కడ మూడింట రెండు వంతులు తేడా వచ్చింది, అడిగేవాళ్లు లేరు.

ట్రంకు పెట్టె

జనవరిలో సంక్రాంతి అయ్యాక ఆ అవ్వ ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. రెండు గదుల రేకుల ఇల్లు. కొడుకు తాపీ పని, కోడలు కూలికి పోతుంది. అవ్వ నన్ను చూసి కోపగించుకోలేదు. మంచినీళ్లిచ్చింది. కాసేపాగి ఒకే మాట అడిగింది. "మా ఆయన ఏ యుద్ధం చేసినాడో మీకు తెల్సా నాయనా?"

నాకు తెలియదు. 1999లో కార్గిల్ జరుగుతుంటే ఆయన ఈ ఊళ్లోనే సజ్జ చేను కాపలా కాస్తున్నాడని ఆమె చెప్పింది. ఆయన చేరింది 1963లో, చైనా యుద్ధం తర్వాత మిలిటరీలోకి పెద్ద ఎత్తున మనుషుల్ని తీసుకున్నప్పుడు. బెంగళూరు మద్రాస్ సాపర్స్. ఆ దళం వాళ్లను మిలిటరీలో ఇప్పటికీ తంబీలనే పిలుస్తారు. వంతెనలు కట్టడం, మైన్లు, అంటే మందుపాతరలు తీయడం వాళ్ల పని. 1965 చూశాడు, 1971లో పడమటి సరిహద్దులో మైన్లు తీశాడు. పదిహేనేళ్లు పూర్తి చేసి పెన్షన్ మీద వచ్చాడు. 2011లో పోయాడు.

"మరి ఫ్యామిలీ పెన్షన్ ఎంతొస్తుంది అవ్వా?" అన్నాను. రావట్లేదంది. పదకొండేళ్లుగా ఒక్క రూపాయి రాలేదు.

స్టేజీ మీద ఐదు వేల అట్టముక్క ఇచ్చి ఫొటో దిగిన మాకు ఆమెకు పెన్షన్ వస్తోందో లేదో కూడా తెలియదన్నమాట. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

జరిగింది ఇది. ఆయన పోయాక కొడుకు బ్యాంకుకు వెళ్తే పీపీఓ మీద భార్య పేరు లేదన్నారు. పీపీఓ అంటే పెన్షన్ మంజూరు కాగితం. ఆ కాలంలో దిగినవాళ్ల పీపీఓలు చాలావాటి మీద భార్య పేరు ఉండదు. దాన్ని సైనికుడి సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసు ద్వారా ఎక్కించుకోవాలి. ఆ కుర్రాడికి అది ఎవరూ చెప్పలేదు. ఒక బ్రోకరు తగిలి, పని చేయిస్తానని 12,000 రూపాయలు, అసలు పీపీఓ తీసుకుని మళ్లీ కనపడలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో పెన్షన్ మాట ఎత్తితే గొడవే.

ఇంకేమైనా కాగితాలున్నాయా అని అడిగితే మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగింది. మిలిటరీ వాళ్లకు ఆ పెట్టె చూడగానే ప్రాణం లేచొస్తుంది. నల్ల పెయింటు, మూత మీద తెల్ల అక్షరాలతో నంబరు, ర్యాంకు, పేరు. తుప్పు పట్టి నంబరులో చివరి రెండు అంకెలు రాలిపోయాయి. లోపల పాత ఉన్ని కంబళి, షేవింగ్ కప్పు, అడుగున గుడ్డలో చుట్టిన డిశ్చార్జి బుక్. విప్పితే మొదటి రెండు పేజీలు చెదలు తినేశాయి. నంబరు ఉండే పేజీ అదే.

నంబరు లేకపోతే రికార్డ్ ఆఫీసులో మనిషే లేనట్టు. పేర్లు వందల మందికి కలుస్తాయి, నంబరు ఒక్కరిదే. ఏం చేయాలా అనుకుంటుంటే అవ్వ లేచి దేవుడి గూట్లోంచి పసుపు డబ్బా తెచ్చింది. అందులో గుండ్రటి మెడల్ ఉంది. రిబ్బన్ పురుగులు తిని నాలుగు దారాలు మిగిలాయి. మనవడికి జ్వరం వచ్చినప్పుడల్లా దాన్ని మొలతాడుకు కట్టేదట, తాత ధైర్యం వస్తుందని. అది సంగ్రామ్ మెడల్, 1971ది. మన దేశపు మెడల్స్ అంచు మీద అందుకున్నవాడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి, చాలామందికి తెలియదు. పసుపు తుడిచి కిటికీ దగ్గర వెలుతురులో అంచు తిప్పుతూ చదివాను. పెట్టె మీద రాలిపోయిన ఆ రెండు అంకెలు మెడల్ అంచున ఉన్నాయి.

ఇంకో అదృష్టం డిశ్చార్జి బుక్‌లో దొరికింది. కుటుంబ వివరాల పేజీ మిగిలింది. అక్కడ భార్య పేరు పక్కన ఎవరో యూనిట్ క్లర్కు పెన్సిల్‌తో చిన్నగా ఒక నంబరు, 1969 అని సంవత్సరం రాసిపెట్టాడు. పార్ట్ టూ ఆర్డర్ నంబరు అది. యూనిట్‌లో రోజువారీ ఉత్తర్వులు రెండు భాగాలు. మొదటిది డ్యూటీల గురించి. రెండోది మనిషి జీవితం గురించి: పెళ్లి, పిల్లలు, సెలవు, ప్రమోషన్. పూర్వం ఊళ్లో కరణం లెక్క ఎలాగో మిలిటరీలో పార్ట్ టూ ఆర్డర్ అలాగ. అందులో ఎక్కితే నీకు పెళ్లయినట్టు, ఎక్కకపోతే కానట్టు. యాభై మూడేళ్ల కిందట ఎక్కడో సరిహద్దు టెంటులో కూర్చుని ఒక క్లర్కు పెన్సిల్ చెక్కుకుని రాసిన ఆ నాలుగు అంకెలు ఈ అవ్వకు అన్నం పెట్టబోతున్నాయి. నా ఉద్యోగం మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

ఫైలు నడిచిన తీరు

పేరు దగ్గర చిక్కు వచ్చింది. రికార్డులో ఆమె పేరు ముందు "వెంకట" ఉంది, చివర "అమ్మ" ఉంది. ఆధార్‌లో రెండూ లేవు. ఊళ్లో పిలిచే పేరే ఆధార్ వాళ్లు ఎక్కించారు. మన వైపు ప్రతి పది ఫైళ్లలో ఏడెనిమిది ఇలాగే ఆగుతాయి. ఆడవాళ్ల పేరు పుట్టింట్లో ఒకటి, అత్తింట్లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి.

ఫిబ్రవరిలో ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా బెంగళూరు రికార్డ్ ఆఫీసుకు అర్జీ పంపాం. మేలో అబ్జర్వేషన్లతో తిరిగొచ్చింది. తప్పు మాదే. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ పెట్టలేదు, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొరపాటు చూసుకోలేదు. జూలైలో అన్నీ సరిచేసి మళ్లీ పంపాం. అక్టోబర్‌లో నేనే బెంగళూరు రైలెక్కాను. పార్ట్ టూ ఆర్డర్ నంబరు, సంవత్సరం చేతిలో ఉన్నాయి కాబట్టి పాత షీటు తీయగలిగారు. ఆ తర్వాత కాగితం ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల కార్యాలయానికి వెళ్లి, 2023 ఫిబ్రవరిలో రక్షణ పెన్షన్లు చూసే స్పర్శ్ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఆమె పేరు మీద పీపీఓ వచ్చింది. మార్చిలో మొదటిసారి డబ్బు పడింది, పాత బకాయితో సహా.

కేంద్ర పెన్షన్లలో ఫ్యామిలీ పెన్షన్ ఎంత తక్కువైనా 2016 నుంచి నెలకు 9,000 ఉంటుంది, దాని మీద కరువు భత్యం. ఆమె బతికినంత కాలం. ఈ మొత్తం పనికి సంఘం పెట్టిన ఖర్చు 6,840 రూపాయలు. బస్సు చార్జీలు, నోటరీ, ఫొటోలు, జిరాక్సులు, నా రైలు టికెట్టు, కొడుకు ఒంగోలు వచ్చిన మూడు రోజులకు పోయిన కూలి. కూలి ఇవ్వడం చాలామందికి వింతగా అనిపించింది. కానీ తాపీ పనివాడు ఒక రోజు మానుకుంటే ఆ రోజు పొయ్యి మీద ఏముంటుందో ఆలోచించాలి. మొదటి ఏడాది మేం ఫ్లెక్సీలకు పెట్టింది దీనికంటే ఎక్కువ.

ఇక్కడే మా సంఘం ఆలోచన మారింది. దానం చేయడం కంటే రావాల్సింది రాబట్టడం పెద్ద పని. మనం పది మంది దగ్గర అడిగి తెచ్చి ఇచ్చే ఐదు వేలు నెలకే అయిపోతాయి. అదే డబ్బు కాగితాల మీద, ప్రయాణాల మీద పెడితే జీవితాంతం వచ్చేది దొరుకుతుంది. పైగా అది దానం కాదు, భర్త చెమటోడ్చి సంపాదించింది. అప్పులాయన గుమ్మంలో నిలబడ్డా ఆమె తల దించుకోనక్కర్లేదు.

మార్చిన పద్ధతులు

2022 విజయ్ దివస్‌కు, అంటే డిసెంబర్ 16కు ముందే జనరల్ బాడీలో గట్టి వాదన జరిగింది. సన్మానం ఖర్చు సభ్యుల జేబులోంచే, దాతల డబ్బు మొత్తం సాయానికే అని నేను ప్రతిపాదించాను. కొందరు లేచారు. దాతలకు స్టేజీ ఎక్కి ఫొటో దిగాలని ఉంటుంది, అది లేకపోతే ఎవరిస్తారని. ఇంకొకాయన, "సంఘం డబ్బు నోటరీలకు పెడతామా క్లర్క్ సాబ్, వినడానికే బాగాలేదు" అన్నాడు. ఆయన్ను ఒంగోలు ప్రయాణానికి నాతో తీసుకెళ్లాను. అవ్వను బస్సు ఎక్కించి దించి, ఎండలో వరండాలో కూర్చోబెట్టి, సంతకం రాని వేలికి సిరా పూసి ముద్ర వేయించి తిరిగి వచ్చాక ఆయన ఆ మాట మళ్లీ అనలేదు. ఇప్పుడు మెడికల్ ఫైళ్లన్నీ ఆయనే చూస్తాడు.

సభ్యులు మనిషికి 500 చొప్పున 21,500 వేసుకున్నాం. సన్మానం స్కూలు గ్రౌండులో, టీ, ఉప్మాతో 17,200లో అయిపోయింది. విరాళాలు మాత్రం తగ్గాయి. 96,000 మాత్రమే వచ్చాయి. మొదటి ఏడాది పెద్ద మొత్తం ఇచ్చిన ఒక రైస్ మిల్లు యజమాని ఫొటో లేదంటే మానుకున్నాడు, మళ్లీ రాలేదు. అది నష్టమే. పాత నిల్వ 21,000 కలిపి 1,17,000 చేతిలో ఉంటే, 11 కుటుంబాల ఫైళ్లకు 38,600, వైద్యానికి, పిల్లల ఫీజులకు 45,000 ఖర్చయింది. 33,400 మిగిలింది. విరాళం తగ్గినా సాయం మొదటి ఏడాదికి మూడింతలు దాటింది.

సాయం స్టేజీ మీద ఇవ్వడం పూర్తిగా మానేశాం. బ్యాంకు ఖాతాకే వెళ్తుంది. దాతకు రసీదుతో పాటు నేనే చేత్తో ఉత్తరం రాస్తాను, సాయం అందుకున్నవాళ్ల పేరు లేకుండా, వాళ్ల డబ్బుతో ఏ పని జరిగిందో. "మీరిచ్చిన రెండు వేలతో ఒక అవ్వ ఒంగోలుకు రెండుసార్లు వెళ్లి వచ్చింది" లాంటి మాట చదివి ఫోన్ చేసినవాళ్లున్నారు.

సన్మానం పద్ధతి కూడా మార్చాం. ఇప్పుడు ఇంటికే వెళ్తాం. ఆరుగురం, బెరెట్లు పెట్టుకుని, మెడల్స్ తగిలించుకుని వీధిలో నడిచి వెళ్తాం. ముందే ఆ సైనికుడి సర్వీసు వివరాలు ఒక పేజీ రాసి, వారం ముందు కుటుంబానికి చదివి వినిపిస్తాం. ఏ యూనిట్, ఏ సంవత్సరం, ఏ యుద్ధం, ఏ మెడల్. తప్పుంటే వాళ్లే దిద్దుతారు. అవ్వ ఇంటికి 2022 డిసెంబర్‌లో అలా వెళ్లాం. పురుగులు తిన్న రిబ్బన్ తీసేసి కొత్త రిబ్బన్ వేయించి మెడల్ ఇచ్చాం. పేజీ చదువుతుంటే వీధిలోవాళ్లు వచ్చి నిలబడ్డారు. "తాత మైన్లు తీసినాడా?" అని మనవడు నాన్న చెయ్యి పట్టుకుని అడిగాడు. ఆ పిల్లాడి నాన్నకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

మాటల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. వీరనారి అనే మాట యుద్ధంలో, సైనిక చర్యలో భర్తను కోల్పోయిన స్త్రీకి వాడేది. పెన్షన్ మీద వచ్చి ఇంటి దగ్గర పోయినవాడి భార్యను అలా పిలిస్తే గౌరవం పెరగదు. ఊళ్లో నిజం తెలిసినవాళ్లు నవ్వుకుంటారు, ఆమె నలిగిపోతుంది. పెన్షన్ కూడా వేరు. యుద్ధంలో మరణిస్తే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అంటే చివరి జీతమంత. మామూలుగా పోతే ఆర్డినరీ. సంఘం వాళ్లకే ఈ తేడా తెలియకపోతే ఫైలు మొదటి పేజీలోనే తప్పు దారి పడుతుంది.

డబ్బాల గొడవ

డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతోంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాలు, స్టిక్కర్లు ఇచ్చి విరాళాలు తీసుకుంటారు. ఆ డబ్బు సైనిక బోర్డుల ద్వారా పతాక నిధికి చేరాలి. అది మా సంఘం డబ్బు కాదు. 2022లో ఒక స్కూల్లో మా సంఘం కుర్రాడు జెండా నిధికీ, సంఘానికీ కలిపి ఒకే డబ్బా పెట్టాడు. పిల్లలు రూపాయి, రెండు రూపాయలు వేశారు. ఏది ఎవరిదో తెలియదు. మా సభ్యుడొకడు సగం సగం చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. డబ్బా సీలు విప్పకుండా మొత్తం జిల్లా కార్యాలయానికే కట్టేశాం. అప్పటినుంచి రెండు డబ్బాలు. జెండా డబ్బా ఎర్రది, సంఘం డబ్బా తెల్లది, రెండూ ఒకే రోజు ఒకే చోట పెట్టం. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మిలిటరీ పేరు చెప్పి తీసుకున్న పైసా దారి తప్పిందని ఒక్కరు అన్నా ఆ ఊళ్లో ఇంకెప్పుడూ డబ్బా పెట్టలేం.

విదేశీ డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మా ఊరి కుర్రాడే, అమెరికాలో స్థిరపడ్డాడు, వాళ్ల తాత పేరు మీద 500 డాలర్లు పంపిస్తానన్నాడు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు కాబట్టి చట్టం ప్రకారం అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే ఆ అడ్డు లేదు. "నేను మన ఊరివాణ్ణి కాదా అన్నా?" అని ఫోన్లో బాధపడ్డాడు. ఊరివాడే, కానీ వద్దన్నాం. వాళ్ల నాన్న ఇక్కడ తన ఖాతాలోంచి తన డబ్బు ఇచ్చాడు. పన్ను మినహాయింపు సంగతి కూడా దాతలు అడుగుతారు. దాతకు పన్ను మినహాయింపు ఇప్పించే 80జి గుర్తింపు ఉన్న సంఘానికైనా 2,000 దాటి నగదు రూపంలో ఇస్తే దాతకు మినహాయింపు రాదు. దాతల వివరాలతో పన్నుల శాఖకు ఏటా ఫారం మే 31 లోపు వేయాలి, లేకపోతే వాళ్లకు సర్టిఫికెట్ రాదు. ఇవి తెలియక మేం ఒక ఏడాది దాతల ముందు తల వంచుకున్నాం.

బోర్డు మీద పేర్లు

హైస్కూలు ఆవరణలో అమరుల పేర్లతో గ్రానైట్ బోర్డు పెట్టాలనుకున్నాం. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి వెయ్యికి పైగా వెళ్లిన ఊరని పేరు. అలాంటి చోట రాయి చూసినవాడు రెండు నిమిషాలు ఆగుతాడు. మన పిల్లలూ ఆగాలని కోరిక.

1962, 1965, 1971, కార్గిల్ పేర్లు తేలిగ్గానే తేలాయి. డ్రాఫ్టు చదువుతుంటే వెనక వరుసలోంచి ఒకాయన లేచాడు. మద్రాస్ రెజిమెంట్, జాఫ్నాలో మైను పేలి పాదం పోయింది. కృత్రిమ పాదంతో నడుస్తాడు, మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడడు. "మావాళ్ల పేర్లేవి సాబ్?" అన్నాడు అంతే. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో మన శాంతి సేన ఉంది. దాదాపు 1,200 మంది చనిపోయారు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది అక్కడి పోరాటానికే. దక్షిణాది రెజిమెంట్ల నుంచి చాలామంది వెళ్లారు. అయినా వాళ్లకు విజయ్ దివస్ లాంటి రోజు లేదు, గెలిచామో ఓడామో ఎవరూ చెప్పరు, అందుకే సన్మానాల జాబితాలో వాళ్లు ఉండరు. మా డ్రాఫ్టులో ఒక్క పేరూ లేదు. వెతికితే మా పరిధిలోనే ముగ్గురు తేలారు. ముగ్గురి పేర్లూ ఎక్కాయి.

సర్వీసులో ఉండగా జబ్బుతో, ప్రమాదంలో పోయినవాళ్ల పేర్లు పెట్టాలా అన్నదాని మీద రెండు మీటింగులు అయ్యాయి. సియాచిన్‌లో గుండె ఆగిపోయినవాడు యుద్ధంలో పోలేదంటే వాళ్ల అమ్మ ముఖం ఎలా చూస్తాం? చివరికి బోర్డుకు రెండు భాగాలు చేశాం, యుద్ధంలో, విధి నిర్వహణలో అని. ర్యాంకు వారీగా కాకుండా తేదీల వారీగా పేర్లు రాయించాం. కెప్టెన్ పైన, సిపాయి కింద అనే వరుస ఆ రాయి మీద వద్దని అందరం అనుకున్నాం.

ఇప్పటిదాకా

ఆ 11 ఫైళ్లలో ఆరింటికి ఫ్యామిలీ పెన్షన్ మంజూరైంది. రెండిటికి పెన్యూరీ గ్రాంటు వచ్చింది. పెన్షన్ లేని మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు, 65 ఏళ్లు దాటి, ర్యాంకు హవల్దారు వరకు అయితే కేంద్రం ఇచ్చేది ఇది. అప్పట్లో నెలకు 4,000. 2025 నవంబర్ 1 నుంచి పెట్టే అర్జీలకు 8,000 చేశారు. పిల్లల చదువు గ్రాంటు కూడా అప్పుడే తలకు నెలకు వెయ్యి నుంచి రెండు వేలకు పెరిగింది. దీని గురించి ఊళ్లలో తెలిసినవాళ్లు చాలా తక్కువ. ప్రతి సంఘం ఈ ఒక్క పేజీ ప్రింటు తీసి సచివాలయం గోడకు అంటించినా పెద్ద మేలు. ఒక ఫైలుకు అర్హత లేదని తేలింది. ఆ ఇంటికి వెళ్లి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. మిగతా రెండూ నడుస్తున్నాయి.

ఏటా నవంబర్ మొదటి వారంలో లైఫ్ సర్టిఫికెట్, అంటే పెన్షనరు బతికే ఉన్నట్టు ఇచ్చే రుజువు, క్యాంపు పెడుతున్నాం. వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్లకు మిషన్ ఒప్పుకోదు. ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చాక కొంత తేలికైంది. ఒక కుర్రాడు ఫోను పట్టుకుని మంచం పట్టినవాళ్ల ఇళ్లకు తిరుగుతాడు. సర్టిఫికెట్ పడక పెన్షన్ ఆగిన ఇల్లు కిందటేడు మా లిస్టులో ఒక్కటీ లేదు.

అవ్వ అప్పు తీరింది. షుగర్ మందులు మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ నుంచి తీసుకుంటోంది, ఆ కార్డు చేయించడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. మెడల్ మాత్రం పెట్టెలో పెట్టనంది. మళ్లీ పసుపు డబ్బాలోనే ఉంది.

నడుస్తున్న రెండింట్లో ఒకటి జాఫ్నాలో పోయిన సిపాయి అమ్మది. ఆయనకు పెళ్లి కాలేదు. తండ్రి పోయాక పెన్షన్ తల్లి పేరుకు మారాలి, మారలేదు. కాగితాలన్నీ వానకు తడిసి ముద్దయ్యాయి. ఆమె దగ్గర మిగిలింది కొడుకు జాఫ్నా నుంచి రాసిన ఇన్‌ల్యాండ్ లెటర్ ఒక్కటే. దాని వెనక పంపినవాడి చిరునామాలో తన నంబరు రాసి ఉంది, మధ్యలో ఒక అంకె దగ్గర సిరా పాకిపోయింది. అది 3 అయినా కావచ్చు, 8 అయినా కావచ్చు. రెండు నంబర్లతోనూ రెండు అర్జీలు రాసి పెట్టాను. వచ్చే సోమవారం ఆమెను తీసుకుని ఒంగోలు బస్సెక్కాలి.